పొగమంచు పథకం

ఆ ఊళ్లో ఎండలు తొమ్మిది నెలలు కాస్తాయి. మిగతా మూడు నెలలు కాయడానికి సిద్ధమవుతాయి. అలాంటి ఊళ్లో వాతావరణ ఆఫీసంటే రెండు గదులు, వెనక పెరట్లో నాలుగు కాళ్ల మీద నిలబడ్డ ఒక తెల్ల చెక్కపెట్టె, పెట్టెలో థర్మామీటరు. ఇరవై రెండేళ్లుగా రోజూ పొద్దున్న ఏడున్నరకి ఆ పెట్టె తలుపు తీసి, అంకె చూసి, రిజిస్టరులో రాసేది ఆమె ఒక్కతే. పెళ్లయిన మర్నాడు కూడా వెళ్లి రాసొచ్చింది. "మా కోడలు కాపురానికి రాలేదు, థర్మామీటరుకి తోడొచ్చింది" అని అత్తగారు ఇప్పటికీ దెప్పుతుంది. ఆ రిజిస్టరులో ఒక్క తప్పుడు అంకె లేదు. ఆమెకున్న గర్వమల్లా అదే.

ఆ ఆఫీసులో ఒక పద్ధతి ఉంది. పైవాళ్లు ఏదడిగినా "కాదు" అని రాయకూడదు. "చేయవచ్చు" అని మొదలుపెట్టి, "అయితే" అని, జరిగే వీల్లేని షరతులు నాలుగు తగిలించాలి. పైవాళ్లు అర్థం చేసుకుని ఊరుకుంటారు. ఎవరి మనసూ నొచ్చుకోదు.

మంత్రిగారు ఏదో చలిదేశం వెళ్లి, పొద్దున్నే పొగమంచులో నడిచి, ముచ్చటపడి వచ్చారు. మన పార్కులో కూడా రోజూ పొగమంచు పట్టించగలరా అని కాగితం వచ్చింది. ఆమె నవ్వుకుని, పద్ధతి ప్రకారం జవాబు రాసింది: "పట్టించవచ్చు. అయితే ఊరి వేడి ఇరవై డిగ్రీలు తగ్గాలి, గాలి కదలకూడదు, పార్కు పక్కన పెద్ద చెరువుండాలి."

మంత్రిగారి దగ్గర అందరూ కొత్తవాళ్లు. వాళ్లకి ఈ పద్ధతి తెలియదు. షరతుల్ని పనుల జాబితా అనుకున్నారు. నెల తిరక్కుండా వేడి తగ్గింపు విభాగం, గాలి నిలుపుదల విభాగం, చెరువు విభాగం వెలిశాయి. గాలి నిలుపుదల విభాగం వాళ్లు ఉక్కపోతకి తట్టుకోలేక ఆరు ఫ్యాన్లు పెట్టించుకున్నారు. చెరువు తవ్వారు. నీళ్లు రావాలి.

"కాదని ఒక్క ముక్క రాస్తే నీ చెయ్యి అరిగిపోయేదా?" ఆరిన బట్టలు మడతపెడుతూ అడిగింది అత్తగారు.

"అలా రాయకూడదత్తయ్యా. మర్యాద కాదు."

"మీ మర్యాద మండిపోను. ఊరంతా గోతులయ్యాయి."

ప్రారంభం రోజున పార్కు పొదల్లో పొగ యంత్రాలు దాచారు. తెల్లటి పొగలో మంత్రిగారు శాలువా కప్పుకుని నడిచారు. వెనకాలవాళ్లు దగ్గారు. చలికే అని పేపర్లో పడింది.

మర్నాడు ఆఫీసు పెద్దసారు ఆమెని పిలిచి కూర్చోమన్నాడు. ఆయన కూర్చోమనేది చెడ్డ కబురుంటేనే.

"వారం రోజులు పొగమంచు పట్టినట్టు మీ రిజిస్టరులో ఉంటే పథకం పూర్తయినట్టేనమ్మా. రేపటి నుంచి పదమూడు డిగ్రీలు రాయండి."

"ముప్పై మూడుంటోంది సార్."

"ముప్పై మూడులో పొగమంచు పట్టదు కదా?"

"పట్టదు సార్. నేను చెప్పేదీ అదే."

ఆయన కాసేపు పేపర్‌వెయిట్‌ని తిప్పాడు. "సముద్రం ఒడ్డు వాతావరణ స్టేషన్లో ఖాళీ ఉంది. ఇక్కణ్ణుంచి ఒక రోజు ప్రయాణం. మీ అత్తగారి కంటి ఆపరేషన్ వచ్చే నెలే అన్నారు కదూ? ఆలోచించుకోండి."

ఇంటికొచ్చి చెప్పింది. భర్త గడియారాలు బాగుచేస్తాడు. కంటికున్న అద్దం తీయకుండానే అన్నాడు: "నిమిషం తప్పు చూపిస్తేనే గడియారాన్ని నా దగ్గరికి తెస్తారు. నన్నేం అడుగుతావు?"

"మరి అత్తయ్య కన్ను?"

"నా కన్ను మీదికి నెట్టకు," అంది అత్తగారు. "ఆర్నెల్లు ఆగుతుంది. ఈ ఊళ్లో కొత్తగా చూడాల్సిందేముంది?"

ఆ మాటతో ఆమెకి ధైర్యం రాలేదు. రాత్రంతా నిద్రా రాలేదు. కానీ ఏడున్నరకి పెట్టె తలుపు తీస్తే ముప్పై మూడు కనిపించింది. చెయ్యి దానంతటదే ముప్పై మూడు రాసింది. పక్క గడిలో "పొగమంచు లేదు" అని రాసేముందు మాత్రం పెద్దసారు గది వైపు రెండుసార్లు చూసింది. మర్నాడు ఒకసారే చూసింది. ఏడో రోజుకి అటు చూడనేలేదు.

పదోరోజు బదిలీ ఉత్తర్వు వచ్చింది. విప్పకుండా ఇంటికి తెచ్చింది. భర్త అటక మీది ట్రంకుపెట్టె దింపి దుమ్ము దులిపాడు. అప్పుడు చింపి చదివింది, మళ్లీ చదివింది.

"ఎక్కడికే?" అంది అత్తగారు.

"నన్ను కాదత్తయ్యా. థర్మామీటరుని బదిలీ చేశారు. చెక్కపెట్టెతో సహా."

"దాన్నా? ఎక్కడికి?"

"ఐసు ఫ్యాక్టరీకి. రెండో నంబరు చల్లగదిలోకి."

భర్త ఇప్పుడు కంటి అద్దం తీశాడు. "పాపం, అదేం తప్పు చేసిందని?"

"నిజం చెప్పిందిగా," అంది అత్తగారు. అని లేచి, తడుముకుంటూ వెళ్లి బీరువాలోంచి కోడలి కోసం స్వెటరు తీసింది.

మర్నాడు ఏడున్నరకి ఆమె చల్లగదిలో, ఐసు దిమ్మెల మధ్య నిలబడింది. పెద్దసారు స్వయంగా వచ్చాడు. తలుపు తెరవగానే బయటి గాలి తగిలి తెల్లటి మంచు కాళ్ల చుట్టూ కమ్మింది. థర్మామీటరు నాలుగు చూపించింది. ఆమె నాలుగే రాసింది. "పొగమంచు ఉంది" అని కూడా రాసింది. పెద్దసారు మొహం విప్పారింది. తర్వాత ఆమె "స్థలం" అన్న గడిలోకి కలం జరిపింది.

"అదెందుకమ్మా? ఇరవై రెండేళ్లుగా పైనుంచి కిందిదాకా 'అదే' 'అదే' అనే కదా రాశారు."

"అప్పుడు అదే కాబట్టి రాశాను సార్."

చలికి ఆయన పళ్లు కొట్టుకుంటున్నాయి. ఆమె స్వెటరు చేతులు పైకి లాక్కుని, గడి చిన్నదైనా అక్షరాలు కుదించి, తీరిగ్గా రాసింది: ఐసు ఫ్యాక్టరీ, రెండో నంబరు గది, తలుపు తీసి ఉంది.