వదిన మొహం పడని ఫోటోలు

వదినకి ఫోటోలంటే గిట్టదని ఇంట్లో అందరూ అనుకునేవారు. కెమెరా కనపడితే చాలు, పొయ్యి మీద ఏదో మాడిపోతున్నట్టు లోపలికి పరిగెత్తేది. బలవంతాన లాక్కొస్తే వెనక వరసలో చివర నిలబడేది. ఫోటో వచ్చాక చూస్తే, తెల్లగా మెరిసిపోయే ఆడపడుచుల పక్కన ఆవిడ బట్టలుండేవి, జడ ఉండేది, మొహం మాత్రం ఉండేది కాదు. "చీకట్లో వెతుక్కోండి నన్ను" అని, ఇంకొకరు అనకముందే తనే అనేసి నవ్వేది.

వదిన కుట్టుపని నేర్పే పంతులమ్మ. పాఠాలు చెప్పేవాళ్ళందరి ఫోటోలూ శిక్షణ కేంద్రం గోడకి పెడతామన్నారు. ఆ మాట విని మరిది ఎగిరి గంతేశాడు. అతను ఈమధ్యే ఒక పాత ఫిల్ము కెమెరా కొన్నాడు.

"నువ్వేం బెంగపడకు వదినా, ఇది ఆటోమేటిక్. వెలుతురు సంగతి అదే చూసుకుంటుంది. మనం నొక్కడమే."

"నొక్కడం నీ వంతు, నల్లగా రావడం నా వంతు. సరే, కానివ్వు."

పెరట్లో కొత్తగా సున్నం వేసిన గోడ ముందు కూర్చోబెట్టి తీశాడు. ప్రింట్లొచ్చాయి. కుంచె గీతలతో సహా గోడ అద్భుతంగా పడింది. దాని ముందు వదిన మసిగుడ్డలా ఉంది.

"చెప్పానా?" అంది వదిన. ఈసారి నవ్వలేదు. ఆ నవ్వకపోవడం మరిదికి ముల్లులా గుచ్చుకుంది.

ఫిల్మూ, కెమెరా పట్టుకుని స్టూడియోకి వెళ్ళాడు.

"కెమెరాకి మనుషుల సంగతి తెలీదండీ," అన్నాడు స్టూడియో ఆయన. "ఎదురుగా ఉన్న వెలుతురంతా కలిపి కొలుస్తుంది. ఏం చూసినా మొత్తం మీద బూడిదరంగులో రావాలని దాని పట్టు. మీ తెల్లగోడ చూసి, అబ్బో ఎంత వెలుతురో అనుకుని షట్టరు చటుక్కున మూసేసింది. గోడకి ఆ కాస్తా చాలింది. మొహానికి చాల్లేదు."

"ప్రింటులో సరిచెయ్యలేరా?"

"బావిలో ఉంటేగా చేదలోకి వచ్చేది!"

ఆయన కెమెరా మీద ఒక చిన్న మీట చూపించాడు. మొహం దగ్గరికి వెళ్ళి అది నొక్కి పట్టుకుంటే, వెనక్కి జరిగినా కొలత మారదట.

దారంతా మరిదికి ఇంట్లోని పాత ఫోటోలే కళ్ళముందు ఆడాయి. వాటిలోనూ కొలత తెల్లటివాళ్ళదే. వదిన మొహానికని ఎవరూ ఎప్పుడూ కొలవనే లేదు.

"మళ్ళీనా?" అంది వదిన.

"తప్పు నాదే వదినా. అప్పుడు గోడని తీశాను."

కెమెరాతో ఆవిడ మొహం మీదికి వచ్చేశాడు.

"అంత దగ్గరికొచ్చి ఏం చూస్తున్నావు?"

"వెలుతురు." మీట పట్టుకుని వెనక్కి జరిగాడు. "ఈసారి గోడ తెల్లకాగితంలా పాలిపోతుందట."

"అయ్యో, అంత ఖర్చు పెట్టి సున్నం వేయించాం!"

"గోడ ఫోటో ఎవరడిగారు వదినా?"

వదిన పకపకా నవ్వింది. అతను నొక్కాడు.

ఆ ప్రింటు వచ్చినప్పుడు వదిన దాన్ని కిటికీ దగ్గరికి తీసుకెళ్ళింది. గోడ లేదు. కళ్ళున్నాయి. నవ్వుకి చెంప మీద పడ్డ గీత, చెవి పైన నాలుగు తెల్లవెంట్రుకలు, నున్నటి నలుపులో ఒక మెరుపు.

"ఇలా ఉంటానా నేను?"

"ఇలాగే ఉంటావు."

ఫోటో మీంచి కళ్ళు తియ్యకుండానే మెల్లగా అంది: "ఇరవయ్యేళ్ళప్పుడు ఎలా ఉండేదాన్నో ఎక్కడా లేదు మరిదీ."

పేపరు చదువుకుంటున్న అన్నయ్య తలెత్తకుండానే, "నేను చూశాగా," అన్నాడు.

"మీరు చూస్తే నాకేం కనిపిస్తుంది?" అని కసురుకుంది వదిన. కానీ గొంతులో కసురు నిలవలేదు.

మర్నాడు ఫోటో తనే తీసుకెళ్ళి కేంద్రంలో ఇచ్చి వచ్చింది. వస్తూనే చెయ్యి చాచింది.

"ఆ మీటేదో నాకూ చూపించు. నా క్లాసులో ఇద్దరు పిల్లలున్నారు. ఫోటో అంటే చాలు, గది వదిలి పారిపోతారు."

వదిన తీసిన మొదటి రీల్లో ఇద్దరికీ నుదుళ్ళు తెగిపోయాయి, ఒకదానిలో వేలు అడ్డొచ్చింది. మొహాలు మాత్రం చక్కగా వచ్చాయి.