డిస్కులో నసీబ్

ప్రతి శుక్రవారం మధ్యాహ్నం భోజనమయ్యాక అఫీఫా కుట్టుమిషను మీద గుడ్డ కప్పి, అదే సినిమా డిస్కు పెట్టుకునేది. ఆ గంటన్నర ఆమె తలుపు తట్టకూడదని బూర్జ్ హమ్మూద్ పేటలో వాళ్ల వీధి మొత్తానికీ తెలుసు. సినిమా సగంలో హీరోయిన్ బస్సు దిగుతుంది. ఆమె వెనకాల, నెత్తిన నువ్వుల రొట్టెల పళ్లెంతో ఒకతను రోడ్డు దాటతాడు. మొత్తం పది సెకన్లు. అతను అఫీఫా భర్త నసీబ్.

షూటింగువాళ్లు పిలిచి అలా నడిపించిన ఏడాదికి, అంతర్యుద్ధం రోజుల్లో, ఎవరో సాయుధులు అతన్ని దారిలో కారు దింపి తీసుకుపోయారు. మళ్లీ కబురు లేదు. అప్పటికి కూతురు రందా మూణ్ణెల్ల పిల్ల.

డిస్కుల్లో మనుషులకు వయసొస్తుంది కదా. హీరోయిన్ ఇప్పుడు మోకాలు పట్టుకుని బస్సు దిగుతోంది. విలన్ పోయిన ఏడు చనిపోయాడు. అప్పట్నుంచి హీరో ఆయాసపడుతూ ఉత్త గాలినే గుద్దుతున్నాడు. నసీబ్‌కు ముందు చెంపలు నెరిశాయి, తర్వాత నడక నెమ్మదించింది. అది చూసుకునే అఫీఫా ముప్పై ఐదేళ్లుగా భర్త పోయినవాళ్లు కట్టే నల్లబట్టలు వేసుకోలేదు.

ఆ వేసవిలో రందా పాత టీవీ, దాని కిందున్న డిస్కు ప్లేయరు ఎవరికో ఇచ్చేసి పెద్ద టీవీ తెచ్చింది. "ఇంటర్నెట్‌లో అన్నీ వస్తాయమ్మా, నీ సినిమా కూడా," అంటూ పెట్టి చూపించింది. నల్లటి జుట్టుతో నసీబ్ చలాకీగా రోడ్డు దాటాడు.

"చూడు, నాన్న ఎంత బావున్నాడో! నాకు తమ్ముడిలా ఉన్నాడు."

"ఇతనెవరో నాకు తెలీదే," అంది అఫీఫా. "ఇంటర్నెట్‌లో వచ్చి పోయేవాడికి వయసెక్కడిది?"

రందా సంచిలోంచి కాగితం తీసింది. ఇల్లు నసీబ్ పేరున ఉంది. ఆమధ్య రేవులో జరిగిన పెద్ద పేలుడుకి పగిలిన గోడ బాగుచెయ్యాలంటే యజమాని సంతకం కావాలి, లేదా అతను పోయాడని కోర్టు రాసివ్వాలి. అందుకు భార్య సంతకం చేసి పెట్టాల్సిన అర్జీ అది.

"బతికున్నవాణ్ణి నా చేత్తో చంపమంటావా?"

"ఉంటే ఇన్నేళ్లూ ఎక్కడున్నాడమ్మా?"

"ఏ జైల్లో మగ్గుతున్నాడో," అంటూ అఫీఫా డిస్కు తీసుకుని చెప్పులేసుకుంది. కాగితం పట్టుకుని రందా వెనకే నడిచింది.

ఆ వీధిలో మిగిలిన డిస్కుల కొట్టు ముసలి బెద్రోస్‌ది ఒక్కటే. "రండి రండి, రందా వాళ్లమ్మగారూ! జనరేటర్ ఇంకో గంట నడుస్తుంది." రందాని చూసి నవ్వాడు. "అమ్మాయిగారు కూడానా! మీ ఇంటర్నెట్‌లో కాఫీ కూడా పోస్తారా?"

డిస్కు పెట్టి, సినిమాని ఆ చోటికి జరిపాడు. చిన్నప్పటి తర్వాత రందా ఆ డిస్కు చూడ్డం ఇదే.

బస్సు ఆగింది. హీరోయిన్ దిగింది. వెనకాల నసీబ్ వచ్చాడు. నెత్తిన పళ్లెం లేదు. మంచి ఉన్నికోటు వేసుకుని, ఏడేళ్ల పాపని చెయ్యి పట్టుకుని నడిపిస్తున్నాడు. ఒకామె వెనక నించి వచ్చి అతన్ని ఆపి, మెడలో మఫ్లర్ సరిచేసింది. ఏళ్ల తరబడి రోజూ చేసే పనిలా చేసింది.

కాఫీ పోస్తున్న బెద్రోస్ చెయ్యి ఆగిపోయింది.

నసీబ్ తల తిప్పాడు. ఇన్నేళ్లలో మొదటిసారి తెరలోంచి ఇటు చూశాడు. సూటిగా అఫీఫానే చూశాడు. మరుక్షణం పాపని తన వెనక్కి లాక్కుని, వెంట ఉన్నామె భుజం పట్టుకుని, ఇద్దర్నీ గబగబా బస్సు చాటుకి తీసుకుపోయాడు. బస్సు కదిలింది. అవతల ఎవరూ లేరు.

"అమ్మా... బతికే ఉన్నాడమ్మా," అంది రందా.

"ఆ కాగితం ఇటివ్వు."

"ఇప్పుడెందుకు? వెతుకుదాం. ఎవర్నైనా అడుగుదాం."

"దాక్కున్నవాణ్ణి ఎందుకే వెతకడం?"

బెద్రోస్ మొహం గోడవైపు తిప్పుకున్నాడు. బల్లమీది డిస్కులు పక్కకి నెట్టి అఫీఫా ఒక్కొక్క అక్షరమే దిద్దినట్టుగా సంతకం చేసింది.

"పోయిన తేదీ అడిగారు," అంది రందా ఏడుస్తూ. "ఆయన్ని పట్టుకుపోయిన రోజు వెయ్యనా?"

"కాదు," అంది అఫీఫా. "ఇవాళ్టిది వెయ్యి."