కనబడేచోటు

"ఎక్కడ వేయించుకుంటావన్నది నీ ఇష్టం. కనబడేచోటైతే చాలు," అన్నాడు భాస్కర్.

నేను అతని చొక్కాలు ఇస్త్రీ చేస్తున్నాను. వారానికి ఐదు చొక్కాలు, ఆదివారం పొద్దున. చేతిలో ఇస్త్రీపెట్టె అలాగే ఆగిపోయింది, కాలర్ కాలబోతుంటే తీసి పక్కన పెట్టాను. అతను నాతో మాట్లాడి ఎనిమిది రోజులైంది. తొమ్మిదో రోజు నోరు విప్పి అన్న మొదటి మాట, మన పెళ్ళిరోజుకి నువ్వు నా పేరు పచ్చబొట్టు వేయించుకోవాలి అని. విక్టోరియా స్ట్రీట్‌లో షాపులో వచ్చే శనివారానికి టైమ్ కూడా తీసుకున్నాడట. మాట్లాడాడు కదా, అదే చాలనిపించింది ముందు. ఆ సంతోషానికి తర్వాత చాలా సిగ్గుపడ్డాను.

ఆ ఎనిమిది రోజులూ ఎందుకు మాట్లాడలేదో అతను చెప్పలేదు. నాకు తెలుసు. నేను హామిల్టన్‌లో పాల పరీక్షలు చేసే ఒక ల్యాబ్‌లో పనిచేస్తాను. పొలాల నుంచి సీసాల్లో పాలు వస్తాయి, వాటిలో వెన్న ఎంత, సూక్ష్మజీవులు ఎన్ని అని చూస్తాం. జూలై, ఇక్కడ చలికాలం. ఒక సాయంత్రం వర్షంలో నా కారు స్టార్ట్ కాలేదు. భాస్కర్‌కి నాలుగుసార్లు ఫోన్ చేశాను, మీటింగ్‌లో ఉన్నాడేమో ఎత్తలేదు. మా సూపర్‌వైజర్ గ్రేమ్ ఇంటి దగ్గర దింపాడు. యాభై ఎనిమిదేళ్ళ మనిషి, దారి పొడుగునా తన మోకాలి ఆపరేషన్ గురించి చెప్పాడు. నేను దిగుతూ నవ్వి చెయ్యి ఊపాను. తలెత్తితే ముందుగది కిటికీలో భాస్కర్ నిలబడి ఉన్నాడు.

లోపలికి వెళ్ళేసరికి టీవీ ముందు కూర్చున్నాడు. "కారు ఆగిపోయిందండీ," అన్నాను. వినబడనట్టే ఉన్నాడు. ఆ రాత్రి భోజనాల దగ్గర వాళ్ళమ్మతో, "అమ్మా, పప్పులో ఉప్పు తక్కువైందని చెప్పు," అన్నాడు. నేను పక్క కుర్చీలోనే ఉన్నాను. అత్తయ్యగారు నా వైపు చూడకుండా ఉప్పుడబ్బా జరిపారు. అలా ఎనిమిది రోజులు. బట్టలు కావాలన్నా, మర్నాడు తొందరగా వెళ్ళాలన్నా ఆవిడతోనే చెప్పించాడు. నేనేం తప్పు చేశానో వెతుక్కుంటూ ల్యాబ్‌లో రెండుసార్లు సీసాల లేబుళ్ళు తారుమారు చేశాను. గ్రేమ్ ఏమైందని అడిగితే ఆయనకి దూరంగా జరిగి నిలబడ్డాను. ఏ తప్పూ లేని మనిషి నుంచి ఎందుకలా జరిగానో ఆయనకి చెప్పలేను, నాకు నేనూ చెప్పుకోలేకపోయాను.

"తెలుగులో వేస్తారాండీ ఇక్కడ?" అని అడిగాను ఇస్త్రీపెట్టె మళ్ళీ తీసుకుంటూ. ఏదో ఒకటి అడగాలి కదా.

"ఇంగ్లిష్‌లో వేయించుకో. ఇక్కడివాళ్ళకి చదవడం రావాలిగా," అన్నాడు నవ్వుతూ.

ఆ నవ్వులోనే నాకు విషయం అర్థమైంది. గ్రేమ్ చదవాలి ఇది.

"మరి మీరు?"

"నాకెలా కుదురుతుంది నిరూ, క్లయింట్ల దగ్గరికి వెళ్ళేవాణ్ణి." వెనకనించి వచ్చి నా భుజం మీద గడ్డం ఆనించాడు. "శిక్షేమీ కాదు. ప్రేమతోనే అడుగుతున్నా."

సోమవారం నుంచి స్నానాల గదిలో తలుపు గడియ పెట్టుకుని బాల్‌పెన్‌తో ఒంటి మీద అతని పేరు రాసుకుని చూసుకోవడం మొదలుపెట్టాను. ఏడు అక్షరాలు. మణికట్టు మీద రాస్తే ల్యాబ్‌లో మోచేతుల దాకా చేతులు కడిగిన ప్రతిసారీ అందరి ముందూ నేను ఎవరిదాన్నో చెప్పుకున్నట్టు ఉంటుంది, బహుశా అతనికి కావలసింది అదే. భుజం మీద రాసుకున్నాను. చేతుల్లేని జాకెట్టు వేసుకున్నానని పెళ్ళైన కొత్తలో ఆక్లండ్‌లో ఒకళ్ళింటి నుంచి భోజనం కాకుండానే లేపి తీసుకొచ్చేశాడు, ఆ భుజం ఇప్పుడు బయటపెట్టొచ్చన్నమాట, పేరుంటే. చీలమండ దగ్గరైతే మొగుడి పేరు కాళ్ళ మీదా అని ఎవరైనా అంటారు. మెడ వెనక రాసుకోవడానికి చెయ్యి సరిగ్గా అందలేదు, వంకరగా వచ్చింది, నాకు నేను చూసుకోలేని చోట ఇంకొకరు చదువుకుంటారనిపించి వెంటనే కడిగేసుకున్నాను. గుండెల మీద వేయించుకుంటానని మంగళవారం చెప్పాను, అలా అంటే కరిగిపోతాడనుకున్నాను. "అక్కడ ఎవరు చూస్తారు?" అన్నాడు. వెంటనే అతని మొహం మారింది. "ఎవరు చూస్తారు?" అని మళ్ళీ అడిగాడు, ఈసారి నిజంగా అడిగాడు. ఆ తర్వాత ఎక్కడ అన్న మాట నేను ఎత్తలేదు. రాసుకున్న చోటల్లా సబ్బుతో రుద్దుకుని ఎర్రబడ్డ చర్మంతో పనికి వెళ్ళేదాన్ని. ఇన్నేళ్ళుగా నాది అనుకున్న ఒంట్లో అతను ఏదో ఒక మాట అనని చోటు ఒక్కటైనా ఉందా అని వెతుకుతున్నానని గురువారానికిగాని తెలుసుకోలేదు.

శుక్రవారం మధ్యాహ్నం షిఫ్ట్ అయి తొందరగా ఇంటికొచ్చాను. అత్తయ్యగారు వంటింట్లో చిక్కుడుకాయలకి ఈనెలు తీస్తున్నారు. తెనాలి నుంచి ఆవిడ వచ్చి రెండు నెలలైంది. ఎదురుగా కూర్చుని నేనూ ఈనెలు తీస్తూ, ఆవిడ ఎడమ ముంజేతి మీద వెలిసిపోయిన పచ్చబొట్టు వైపు చూశాను. మామగారి పేరు. ఆయన పోయి మూడేళ్ళు.

"అత్తయ్యగారూ, ఎక్కడ వేయించుకుంటే నొప్పి తక్కువ?"

ఆవిడ ఒక కాయ విరిచారు, ఇంకోటి విరిచారు.

"ఇది పందొమ్మిదో ఏట వేయించారు," అన్నారు చెయ్యి చూపించి. "మా మేనమామ కొడుకుతో ఒక పెళ్ళిలో నవ్వుతూ మాట్లాడానని. వేయించుకుంటే గొడవ వదిలిపోతుందనుకున్నా. ఏడాది తిరగలేదు, చీరలమ్మే అతనితో బేరమాడుతుంటే చూశారు. మళ్ళీ మొదలు." పైట కొంచెం పక్కకి లాగారు. మెడ ఎముక కింద, ముడతల్లో, ఆకుపచ్చగా అదే పేరు. "అప్పుడు ఇది. మూడోది చూపించనులే."

"ఎక్కడ వేయించుకున్నా చాలదమ్మా. ఒంట్లో అంత చోటు లేదు," అన్నారు ఆవిడ మామూలుగా, కూరకి కాయలు చాలవన్నట్టు. "ఆయన పోయిన కాణ్ణించీ స్నానం చేసినప్పుడల్లా రుద్దుతూనే ఉంటాను. పిచ్చి. పోతుందా అది?" తర్వాత గొంతు తగ్గించి, "వాడికి నేను చెప్పానని చెప్పకు," అన్నారు.

కొడుకంటే ఆవిడకీ భయమేనని నాకు అప్పటిదాకా తెలియదు.

శనివారం పదకొండు గంటలకి షాపుకి వెళ్ళాం. ట్రేసీ అనే ఆవిడ, నలభై దాటి ఉంటాయి, చేతుల నిండా పక్షులూ తీగలూ. నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, "ఎక్కడ వేయమంటారు?" అని అడిగింది.

"ఎడమ మణికట్టు," అన్నాడు భాస్కర్.

ఆవిడ అతని వైపు చూసి, "నేను ఆమెని అడిగాను," అంది మర్యాదగానే.

నేను చెయ్యి చాచాను. ఆవిడ మణికట్టు లోపలివైపు శుభ్రంగా తుడిచి, కాగితం అద్ది, తడిపి, తీసింది. ఊదారంగులో ఏడు అక్షరాలు, నీలం నరాల మీద. నేను బాల్‌పెన్‌తో రాసుకున్నట్టు వంకరగా లేవు. చక్కగా, ఎప్పటినుంచో అక్కడే ఉన్నట్టు ఉన్నాయి.

"ఇది ఊరికే అచ్చు. సరిగ్గా చూసుకోండి," అంది ట్రేసీ. "వద్దంటే ఇప్పుడు తుడిచేస్తాను. సూది దిగాక నా చేతిలో ఉండదు."

"బాగుంది," అన్నాడు భాస్కర్.

"తుడిచేయండి," అన్నాను నేను.

ఆవిడ ఇంకోమాట అడగలేదు. దూది తీసుకుని రెండుసార్లు గట్టిగా తుడిచింది. భాస్కర్ ఆవిడ కోసం నవ్వుమొహం పెట్టి, నాతో తెలుగులో అన్నాడు, "నాటకాలాడకు నిరూ. కనబడేచోట ఇష్టం లేకపోతే ఇంకోచోటు చెప్పు."

"ఎక్కడా వద్దండీ."

"అంటే నేను అనుకున్నది నిజమేనన్నమాట."

కుర్చీలోంచి లేవకుండానే అన్నాను. "మీరేం అనుకున్నారో ఇంతవరకూ నాతో అనలేదు. ఇప్పుడు అనండి. ఆవిడకి తెలుగు రాదు."

అతని మొహంలో నవ్వు అలాగే ఉంది, చెవులు మాత్రం ఎర్రబడ్డాయి. ట్రేసీకి థాంక్స్ చెప్పి బయటికి నడిచాడు. షాపు కిటికీ అద్దంలోంచి చూస్తుండగానే మా కారు వెళ్ళిపోయింది. ట్రేసీ నీళ్ళు ఇచ్చింది. టాక్సీ పిలవనా అంది. వద్దన్నాను.

వర్షం లేదు, చలిగాలి మాత్రం ఉంది. ఊళ్ళో అందరూ కార్లలోనే తిరుగుతారు, పేవ్‌మెంట్ మీద నేనొక్కదాన్నే. ఇల్లు గంట నడక. నది మీద వంతెన సగం దాటేసరికి ఫోన్ మోగింది.

"ఎక్కడున్నావ్?"

"వంతెన మీద."

"అక్కడే నిలబడు. వస్తున్నా." గొంతు మెత్తగానే ఉంది. ఆ మెత్తదనానికి నేను నాలుగేళ్ళుగా ఎన్ని చోట్ల నిలబడ్డానో అనిపించింది.

"నిలబడనండీ," అన్నాను నడుస్తూనే. "ఇంటికే వస్తున్నాను. మీరు అడగాలనుకున్నది నోరు తెరిచి అడగండి, జవాబు చెప్తాను. సోమవారం ఎప్పటిలాగే పనికి వెళ్తాను. ఇంకోసారి మీ అమ్మగారితో ఉప్పు గురించి చెప్పించారంటే మాత్రం ఆ రోజే నా బట్టలు సర్దుకుంటాను."

అవతల ఊపిరి వినబడుతోంది, మాట లేదు. అటువంటప్పుడు ఏమండీ, ఏమండీ అని అడుగుతూ ఉండేదాన్ని. ఈసారి ఫోన్ నేనే పెట్టేశాను.