ఒకడు ‘వస్తా’ అన్నాడు, అతనే ‘ఉంటా’ అన్నాడు

మనుషుల్ని ఉద్యోగంలో పెట్టుకోవడం కోసం మేం పెట్టుకున్న అమ్మాయిని ఇంకెవరో ఉద్యోగంలో పెట్టుకున్నారు. పేరు సాయి ప్రియ, మా కంపెనీ హెచ్ఆర్. బుధవారం పొద్దున్నే రాజీనామా మెయిల్ పంపి, దాని కింద ఒక నవ్వు మొహం బొమ్మ పెట్టింది. మా ఆయన ఆ బొమ్మ వంక చాలాసేపు చూశారు. అది తిరిగి నవ్వుతూనే ఉంది.

కంపెనీ అన్నాను కదా అని అద్దాల మేడ ఊహించుకోకండి. నాచారం ఇండస్ట్రియల్ ఏరియాలో రబ్బరు వాషర్లు చేసే షెడ్డు మీద రెండు గదులు. వేరేవాళ్ల ఆఫీసుల్లో కంప్యూటర్లు, సర్వర్లు, నెట్‌వర్కులు పాడవకుండా నెలవారీ ఒప్పందం మీద చూసుకోవడం మా కంపెనీ పని. దాన్ని మేనేజ్డ్ సర్వీసెస్ అంటారట. మా అత్తమ్మకు ఇది ఎంత చెప్పినా, "మందిండ్లల్ల వైర్లు ఊడితే మనోడు పోతడు" అని ఒక్క ముక్కలో తేల్చేసింది. కంపెనీ వెబ్‌సైటులో రాసిన నాలుగు పేరాలకన్నా అదే బాగుంది.

ఇన్నాళ్లూ చిన్నాచితకా ఆఫీసులతో నెట్టుకొచ్చారు. ఇప్పుడు ఉప్పల్ నుంచి లాలాపేట్ దాకా వీధికో శాఖ ఉన్న రక్తపరీక్షల ల్యాబులవాళ్లు తమ కంప్యూటర్లన్నీ మా ఆయన చేతిలో పెడతామన్నారు. షరతు ఒక్కటే. సోమవారం సంతకాలకు వచ్చేసరికి అనుభవం ఉన్న నెట్‌వర్క్ ఇంజనీరు ఒకరు కంపెనీలో చేరి వాళ్ల ఎదురుగా కూర్చోవాలి. లేకపోతే ఒప్పందం వేరేవాళ్లకు.

ఇంజనీరు లేడు. ఇంజనీరును వెతికే అమ్మాయి కూడా లేదు.

"నువ్వు చెయ్యి సత్యా" అన్నారు మా ఆయన. నేను ఉప్పల్‌లో మా వంటింట్లో బెండకాయలు తరుగుతున్నాను.

"నేను చదివింది బోటనీ."

"అయితేంది? మీ చెల్లెతోని గంటలు గంటలు ఫోన్ల మాట్లాడతవు గద, గదే పని. మనిషి ఎసొంటోడో నీకు రెండు ముక్కల్ల తెలుస్తది."

"మీ సంగతి తెల్వకపాయె గద."

"జర సీరియస్‌గ ఉండరాదు!"

అలా నేను హెచ్ఆర్ అయ్యాను. మొదటి అభ్యర్థిని వీడియోలో చూశాం. ఎంత కష్టమైన ప్రశ్న వేసినా గుక్క తిప్పుకోకుండా చెబుతున్నాడు. మా ఆయన మురిసిపోతున్నారు. మధ్యలో అతనికి తుమ్ము వచ్చింది. గట్టిగా తుమ్మాడు. అతను తుమ్ముతున్నంతసేపూ జవాబు మాత్రం ఆగకుండా వస్తూనే ఉంది.

"నాయనా, ఉద్యోగం నీకియ్యాల్నా, నీ పక్కన కూసున్నాయనకియ్యాల్నా?" అని అడిగాను. తెర నల్లబడిపోయింది. తుమ్ము మాత్రం ఆ అబ్బాయి సొంతమే, అందులో అనుమానం లేదు.

రెండో అబ్బాయి స్వయంగా వచ్చి మమ్మల్నే ఇంటర్వ్యూ చేశాడు. బండికి నీడ ఉందా, టీ మెషీన్ ఇస్తుందా మనిషి ఇస్తాడా, కింద రబ్బరు వాసన రోజూ ఉంటుందా అని అడిగాడు. మేం ఆ పరీక్షలో ఫెయిలయ్యాం.

గురువారం మధ్యాహ్నం హృషికేశ్ వచ్చాడు. నాగారం నుంచి హబ్సిగూడకు రోజూ బండి మీద తిరిగే మనిషి. హబ్సిగూడలో గోపాలరావు గారని, ఆయనదీ అచ్చం మాలాంటి కంపెనీయే, అక్కడ పనిచేస్తున్నాడు. రాజీనామా ఎప్పుడో ఇచ్చేశాడు, శుక్రవారంతో గడువు అయిపోతుంది. నుదుటి మీద హెల్మెట్ గీత, చేతిలో ఆ హెల్మెట్. ప్రశ్న అడిగితే ముందు కాసేపు పైకప్పు వంక చూసి, అప్పుడు మాట్లాడతాడు.

"ఒక బ్రాంచిల పొద్దటిదాంక అంతా మంచిగనే ఉండె. తొమ్మిదింటికి నెట్ పోయింది. ముందుగాల ఏం జేస్తవ్?" మా ఆయన అడిగారు.

హృషికేశ్ పైకప్పు చూశాడు. "ఊడ్చే ఆవిడ ఎన్నింటికి వస్తుందో అడుగుతాను సార్. ఆ తర్వాతే రౌటర్ సంగతి."

మా ఆయన మొహం వెలిగిపోయింది. పెళ్లిచూపుల్లో నన్ను చూసినప్పుడు కూడా అంత వెలగలేదు. నాకు బాగా గుర్తు, అప్పుడు ఆయన జంతికలు చూస్తున్నారు.

ఆ తర్వాత ఇద్దరూ నాకు అర్థంకాని భాషలో చాలాసేపు మాట్లాడుకున్నారు. చివరికి మా ఆయన ముందుకు వంగి, "మరి సోమవారం వస్తవా?" అన్నారు.

హృషికేశ్ గడియారం చూసుకున్నాడు. హెల్మెట్ తీసుకుని లేచాడు. "సరే సార్, వస్తా." నా వైపు తిరిగి తల వంచి, "వస్తా మేడం" అన్నాడు. మెట్లు దిగి వెళ్లిపోయాడు.

మా ఆయన కుర్చీలోంచి ఎగిరినంత పనిచేశారు. "వస్త అన్నడు! ఇన్నవా? వస్త అన్నడు!" అప్పటికప్పుడు గులాబ్‌జామూన్లు తెప్పించి ఆఫీసంతా పంచారు. కింది రబ్బరు షెడ్డువాళ్లకూ పంపారు. వాళ్లు ఎందుకో తెలియకుండానే తిని, ఇంకా ఉన్నాయా అని కబురు పెట్టారు.

నేను మాత్రం తలుపు వంక చూస్తూ కూర్చున్నాను.

"ఏమండీ, ఆ పిలగాడు వస్తనన్నట్టా, పోతనన్నట్టా?"

"గదేం మాట?"

"మన దగ్గర లేచి పోయేటోడు ఎవరన్న పోత అంటడా? వస్త అనే అంటడు. పొద్దుగాల గ్యాస్ సిలిండరాయన గూడ వస్తమ్మా అనే పోయిండు. సోమవారం ఆయనకు గూడ కుర్సీ ఎయ్యాల్నా?"

జామూన్ నోటి దాకా వచ్చి ఆగిపోయింది.

ఆఫర్ మెయిల్ పంపాం. జవాబు లేదు. ఫోన్ చేస్తే ఎప్పుడూ ఇంకెవరితోనో మాట్లాడుతున్నాడు. మా ఆయన శుక్రవారం పొద్దున్నంతా ‘వస్తా’ అన్న మాటను రకరకాల గొంతులతో అని చూసుకున్నారు. ఒకలా అంటే చేరతాడు, ఇంకోలా అంటే చేరడు. పక్క గదిలోని కుర్రాళ్లు సార్‌కు ఏమైందని నన్ను అడిగారు. భాషాశాస్త్రం అని చెప్పాను.

మధ్యాహ్నం గోపాలరావు గారి నుంచి ఫోన్ వచ్చింది. మా ఆయన స్పీకర్‌లో పెట్టారు.

"దయాకర్ గారూ, మా అబ్బాయి మీద కన్నేశారట. ఏమీ అనుకోకండి, అతను మా దగ్గరే ఉంటానన్నాడు."

మా ఆయన మొహం రంగు మారింది. "ఎప్పుడన్నడన్నా?"

"ఇవాళ పొద్దున, ఫోన్లో. ఉండిపోవయ్యా, కాస్త ఆలోచించుకో అన్నాను. సరే సార్, ఉంటా అన్నాడు. శుభ్రంగా, తెలుగులో."

"నాకు వస్త అన్నడు! నా మొకం మీద!"

"ఉంటా అన్నాడండీ బాబూ!"

"వస్త అన్నడన్నా!"

"ఉంటా!"

"వస్త!"

ఇద్దరు కంపెనీ యజమానులు చెరో క్రియాపదం పట్టుకుని లాగుతుంటే నాకు నవ్వాగలేదు. టీ ఒలికి చీర మీద పడింది. ఆ చీర ఎలాగూ మా ఆడపడుచు పెట్టిందే కాబట్టి బాధపడలేదు. ఫోన్ అందుకున్నాను.

"నమస్తే గోపాలరావు గారూ, నేను సత్యవేణిని. ఉంటా అన్నాక ఏం జరిగింది?"

"ఏం జరుగుతుందమ్మా? ఫోన్ పెట్టేశాడు."

"మీరు ఎవరితోనన్నా మాట్లాడి ఫోన్ పెట్టేసేటప్పుడు ఏమంటారు?"

"ఏముంది, ఉంటానమ్మా అని..."

అక్కడితో ఆగిపోయారు. అవతల ఫ్యాను తిరుగుతున్న చప్పుడు వినిపించింది. ఆ తర్వాత కడుపులోంచి తన్నుకొచ్చిన పెద్ద నవ్వు. "ఓరి నీ తస్సాదియ్యా! నేను వాడికి కొత్త కుర్చీ కూడా తెప్పించానమ్మా!"

మా ఆయనకు నవ్వు రాలేదు. "అంటే... ఇద్దరికి టాటా చెప్పి పోయిండా?" అని నీరసంగా కూర్చున్నారు. ల్యాబులవాళ్లకు ఇంజనీరు దొరికాడని నిన్ననే చెప్పేశారు మరి.

ఇలా కాదని, గోపాలరావు గారిని లైన్లోనే ఉంచి హృషికేశ్‌ను కలిపాను. అదృష్టం, ఈసారి ఎత్తాడు.

"హృషికేశ్, ఇటు మీ సారు, అటు మా సారు, ఇద్దరూ వింటున్నారు. సోమవారం పొద్దున నీ బండి ఏ ఊళ్లో ఆగుతుంది? నాచారమా, హబ్సిగూడా? ఊరి పేరు ఒక్కటే చెప్పు. క్రియాపదం వాడావంటే ఊరుకోను."

"అయ్యో మేడం, నేనింకా ఏదీ అనుకోలేదు."

ఇద్దరు సార్లూ ఒకేసారి నిట్టూర్చారు.

"ఎందుకనుకోలేదు?"

పైకప్పు చూస్తున్నాడని ఫోన్లోనే తెలిసిపోయింది. "రెండుచోట్లా నేనొక్కణ్ణే మేడం. ఏ వేళ మోగినా ఆ ఫోన్ నేనే ఎత్తాలి. మా పాప అన్నప్రాశన రోజు ఎవరిదో ప్రింటర్లో కాగితం ఇరుక్కుంది. అది తీయించి వచ్చేసరికి పాప పాకేసింది. పుస్తకం పట్టుకుందని మా అమ్మ, గరిటె పట్టుకుందని మా ఆవిడ. ఇప్పటికీ తేలలేదు. నేను చూసుంటే తేలేది. ఒక వారం నేను, ఒక వారం ఇంకొకరు ఫోన్ ఎత్తుతారంటే ఎక్కడైనా సరే."

"నువ్వు తప్ప మా దగ్గర ఎవరున్నారయ్యా ఎత్తడానికి?" అన్నారు గోపాలరావు గారు.

"నేననేదీ అదే సార్."

"మా పిలగాండ్లు గూడ కొత్తోళ్లే" అని మా ఆయన గొణిగారు. "గీ పని తెలిసినోడు ఎవడున్నడు?"

"ఉన్నరు" అన్నాను.

"ఎవరు?"

"మీరే."

నిజమే కదా. తలుపు మీద ఎండీ అని బోర్డు పడకముందు ఈయనే సీలింగుల్లో దూరి వైర్లు లాగేవారు. చొక్కా ఉతుకుదామని తీస్తే జేబులోంచి కనెక్టర్లు గలగలా రాలేవి. బోర్డు వచ్చాక చొక్కాలు శుభ్రంగా ఉంటున్నాయి గానీ, ఇంటికొచ్చాక చెప్పడానికి ఆయన దగ్గర కబుర్లేమీ ఉండటం లేదు.

"నేను ఎండీని సత్యా!"

"ఎండీకి చేతులుండయా?"

"ఒప్పుకోకండి దయాకర్ గారూ!" గోపాలరావు గారు లైన్లోంచి ఉత్సాహంగా అరిచారు. "యజమాని వైర్లు పట్టుకుంటే పరువేముంటుంది?"

ఆ మాటే పని చేసింది. మా ఆయన పోటీదారు సలహాను ఇంతవరకు ఎప్పుడూ పాటించలేదు.

"తమ్మీ, ఒక వారం నువ్వు, ఒక వారం నేను. గోడ మీద రాసిపెడత. పండుగొచ్చినా పబ్బమొచ్చినా గంతే. ఖరారు."

ఈసారి హృషికేశ్ పైకప్పు చూసినట్టు లేదు. "నాచారం, మేడం."

క్రియాపదం లేదు. నేను టేబుల్ మీద దరువేశాను.

"సరే, కుర్చీ నేనే వాడుకుంటాలే" అన్నారు గోపాలరావు గారు. ఆ తర్వాత కాస్త గొంతు తగ్గించి, "అమ్మా, మాకూ ఒక మనిషిని చూసిపెట్టకూడదూ?" అని అడిగారు.

"వారం విడిచి వారం మీరు ఫోన్ ఎత్తుతానంటే చూస్తాను."

"మా ఆవిణ్ణి అడిగి చెబుతాను. ఉంటానమ్మా. అంటే, ఫోన్ పెట్టేస్తున్నాను."

సోమవారం హృషికేశ్ మాకన్నా ముందే వచ్చి మెట్ల మీద కూర్చున్నాడు. ల్యాబుల తరఫున స్వర్ణలత గారని ఒక మేనేజరు వచ్చింది. నవ్వడం బొత్తిగా అలవాటు లేని మనిషి. హృషికేశ్‌ను ప్రశ్న మీద ప్రశ్న అడిగింది. అతను ప్రతిసారీ పైకప్పు చూశాడు, ఆవిడా ఏముందోనని అటే చూసింది, జవాబులు మాత్రం రాసుకుంది. చివరికి కలం తీసి సంతకం పెట్టింది.

"ఇయ్యాల్టి సంది ఏదన్న ఆగిపోతే ఎవరికి ఫోన్ జెయ్యాలె?"

హృషికేశ్ మర్యాదగా చేయి చాపి చూపించాడు. "ఈ వారం మా సార్ అండీ."

మా ఆయన ఇస్త్రీ మడత నలగని తెల్ల చొక్కాలో నిలబడి ఉన్నారు. ఆవిడ మొదటిసారి నవ్వింది. నవ్వుతూనే, "అయితే లాలాపేట్ బ్రాంచిల పొద్దటి సంది రిపోర్టులు ప్రింటయితలేవు సార్. మంది లైన్లున్నరు" అంది.

"ఇప్పుడేనా?"

"ఇప్పుడే."

మా ఆయన నా వంక చూశారు. నేను కిటికీ వంక చూశాను. చొక్కా చేతులు మడిచి, వైరు చుట్ట భుజానికి తగిలించుకుని మెట్లు దిగారు. దిగారనడం తప్పు, దూకారు.

వంటకు వేళవుతుండగా ఫోన్ వచ్చింది. వెనకాల సంతలా ఉంది.

"సత్యా! చేతులు మరిచిపోలే! ఒక్కటెన్క ఒక్కటి రిపోర్టులు దబదబ వస్తున్నయ్, మంది చప్పట్లు కొట్టిన్రు! ఒక ముసలమ్మ నా నెత్తి మీద చెయ్యి పెట్టి, సల్లగుండు బిడ్డా అన్నది!"

"అయిపోతే ఇంటికి రండి, అన్నం చల్లారుతుంది."

"అయిపోయింది గని..." వెనక నుంచి ఎవరో, "ఓ వైర్లన్నా, గీ ఫ్యాను గూడ జర సూడవా" అని అరిచారు.

"మన ఒప్పందంలో ఫ్యాన్లు లేవు కదా?"

"లెవ్వు గని, స్టూలెక్కిన" అన్నారు.