అమావాస్య నాడు చూసిన గది

వేణుమాధవ్ నిద్ర సంగతి రొద్దంలో అతని చుట్టాలందరికీ తెలుసు. పిల్లి నడిచినా లేస్తాడు, పక్కింట్లో చీపురు గోడకు ఆనించినా లేస్తాడు. ఈ సంగతి అతను బాధగా కాదు, కొంచెం గొప్పగానే చెప్పుకునేవాడు. మొద్దునిద్ర మొద్దులకు, సున్నితమైన నిద్ర సున్నితమైన మనుషులకు అని అతని సిద్ధాంతం.

అట్లాంటి సున్నితమైన మనిషికి దేవుడు రాత్రి షిఫ్టు ఉద్యోగం ఇచ్చాడు. పెనుకొండ దగ్గర కార్ల సీట్లు కుట్టే కంపెనీలో కాంట్రాక్టు మీద పని. రాత్రంతా కుట్లు సరిగ్గా పడ్డాయో లేదో చూడాలి, పగలు నిద్రపోవాలి. అంటే ఊరు ఊరంతా లేచి అరుస్తున్నప్పుడు నిద్రపోవాలన్నమాట.

మొదట హిందూపురంలో జయరామ్ అనే తోటి ఉద్యోగితో కలిసి గది తీసుకున్నాడు. కింద చింతపండు మండీ, దాని ముందు లారీలు. పది రోజులకే జయరామ్ పెట్టె సర్దుకున్నాడు.

"యాడికి పోతాండావప్పా?" అని అడిగాడు వేణుమాధవ్.

"మా చిన్నాయన ఇంటికాడ ఉంటాలే. ఆడ నిద్ర బాగా వస్తాది" అని ముఖం చూడకుండానే వెళ్లిపోయాడు జయరామ్.

పాపం, లారీలు వీణ్ణి కూడా తరిమేశాయి అని వేణుమాధవ్ జాలిపడ్డాడు. ఒక్కడే అంత అద్దె కట్టలేక తనూ ఖాళీ చేశాడు.

పెనుకొండలో కంపెనీలు వచ్చాక అద్దెలు కొండెక్కి కూర్చున్నాయి. అతని జీతానికి దొరికింది మేడ మీద ఒక రేకుల గది. పక్కన నీళ్ల మోటారు. ఎదురు గదిలో ఉండే లెక్కల మాస్టారు నడివేసవి సెలవుల్లో కూడా కిటికీలన్నీ బిగించుకుని చెమటలు కక్కేవాడు. ఎండంటే ఎంత భయమో ఈ పెద్దమనిషికి అని వేణుమాధవ్ నవ్వుకునేవాడు. తన నిద్ర చెడగొట్టే మోటారును మాత్రం రోజుకు నాలుగుసార్లు తిట్టేవాడు.

ఈలోపల ఉద్యోగానికే ఎసరు వచ్చింది. డ్యూటీలో కునుకు తీస్తుండగా సూపర్‌వైజరు శంకరప్ప రెండుసార్లు పట్టుకున్నాడు. రెండోసారి అట్టపెట్టెల చాటున, ఎవరి కంటా పడని చోట పట్టుకున్నాడు.

"ఇంకొకసారి దొరికితే నీ కాంట్రాక్టు పొడిగించేది లేదప్పా. వచ్చేనెల ఆఖర్న పేర్లు పంపాల" అన్నాడు శంకరప్ప.

తన మీద చాడీ చెప్పిందెవరా అని వేణుమాధవ్ వారం రోజులు అందరినీ అనుమానంగా చూశాడు. ఈ ఉద్యోగం పోతే మళ్లీ రొద్దం వెళ్లి అన్న ఎరువుల అంగట్లో కూర్చోవాలి. వదిన వడ్డించే అన్నంతో పాటు వదిన మాటలూ మింగాలి. అది తలుచుకుంటే ఉన్న కాస్త నిద్రా పారిపోయేది.

అందుకని సెలవు రోజు చూసుకుని ధర్మవరం వెళ్లాడు. కంపెనీ బస్సు అక్కడిదాకా పోతుంది. ఒక వీధిలో అడుగు పెట్టగానే అతని ఒళ్లు పులకరించింది. మధ్యాహ్నం మూడు గంటలకు వీధి మొత్తం నిశ్శబ్దంగా ఉంది. మగవాళ్లు అరుగుల మీద తీరిగ్గా కూర్చున్నారు. నరసప్ప అనే నేతగాడి ఇంట్లో ముందు గది ఖాళీ. అద్దె పెనుకొండలో సగం.

"ఈడ శబ్దం ఏమన్నా ఉంటాదా అన్నా?"

నరసప్ప నిజాయితీగానే ఆలోచించాడు. "శబ్దమా? ఏం శబ్దమప్పా ఈడ? లారీలు రావు, మైకులు లేవు. గమ్మునుంటాది."

వేణుమాధవ్ మారుమాట లేకుండా అడ్వాన్సు ఇచ్చేశాడు.

ఆ రోజు అమావాస్య. అమావాస్య నాడు ఆ వీధిలో ఎవరూ మగ్గం ముట్టరు. ధర్మవరంలో పలకాబలపం పట్టిన పిల్లనడిగినా చెప్పే ఈ ముక్క, వేరుశనగ పంట తప్ప ఇంకోటి ఎరగని వేణుమాధవ్‌కు తెలియదు.

సామాను దించుకున్న మర్నాడు, షిఫ్టు దిగి వచ్చి దుప్పటి కప్పుకున్నాడో లేదో, గోడకు అవతల టక్కు టక్కు ధడ్ అని మొదలైంది. కుడిపక్క ఇంట్లో మొదలైంది. ఎదురింట్లో మొదలైంది. అతను గబగబా లేచి లోపలికి వెళ్లాడు.

"అన్నా, శబ్దం లేదంటివే!"

మగ్గం గుంటలో కూర్చున్న నరసప్ప కాళ్లు ఆపి చుట్టూ చూశాడు. "యాడప్పా?"

"ఇదేందన్నా మరి, ఈ టకటకలు?"

"ఇదా?" నరసప్ప ముఖంలో మోసమేమీ లేదు, ఆశ్చర్యమే ఉంది. "ఇది మగ్గం కదప్పా."

పక్కనే రాట్నం ముందు కూర్చుని, కండెలనే వేలెడంత గొట్టాలకు పట్టుదారం చుడుతున్న అతని తల్లి సుబ్బమ్మ తలెత్తింది. "నాకైతే మగ్గం ఆగితేనే మెలకువ వస్తాది నాయనా."

ఇంకెక్కడికి పోతాడు? ఈ అద్దెకు ఇంకో గది దొరకదు. చెవుల్లో దూది కుక్కుకున్నాడు. నెల రోజులు ముక్కలు ముక్కలుగా నిద్రపోయి, ఉలిక్కిపడి లేచినప్పుడల్లా గోడవైపు చూసి పళ్లు నూరాడు. క్యాలెండరులో వచ్చే అమావాస్యకు ఎర్ర పెన్నుతో సున్నా చుట్టాడు. శంకరప్ప పేర్లు పంపేది ఆ మర్నాడే. ఆ పగలు కంటినిండా నిద్రపోయి, ఆ రాత్రి కళ్లు పత్తికాయల్లా విప్పుకుని నిలబడాలని పథకం.

అమావాస్య వచ్చింది. వీధి నిశ్శబ్దంగా ఉంది. ఆ నిశ్శబ్దానికి వేణుమాధవ్ కళ్లల్లో నిజంగానే నీళ్లు తిరిగాయి. అట్లే వెల్లకిలా పడుకుని నిద్రలోకి జారాడు.

అరగంటకు ఉలిక్కిపడి లేచాడు. చెవి పక్కనే పెద్ద మోత. లేచేసరికి ఆగిపోయింది. మళ్లీ పడుకున్నాడు. మళ్లీ అదే మోత. మూడోసారికి లుంగీ, బనీనుతోనే బయటికి దూకాడు.

"ఏమన్నా, అమావాస్య నాడు కూడా మగ్గం ఆడిస్తాండావే! దైవభయం లేదా నీకు?"

అరుగు మీద నరసప్ప, అతని భార్య పద్మ, సుబ్బమ్మ వేరుశనక్కాయలు వలుచుకుంటున్నారు. పద్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఈ పొద్దు ఎవరూ మగ్గం ముట్టలేదప్పా" అన్నాడు నరసప్ప మెల్లగా.

"మరి నన్ను లేపిన ఆ మోతేంది?"

భార్యాభర్తలు ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. సుబ్బమ్మే చెప్పింది.

"అది నువ్వే నాయనా. నీ గురక."

వేణుమాధవ్ అరుగు మీద కూలబడ్డాడు. చిన్నాయన ఇంటికి పారిపోయిన జయరామ్ గుర్తొచ్చాడు. చెమటలు కక్కుతూ కిటికీలు బిగించుకున్న మాస్టారు గుర్తొచ్చాడు. అట్టపెట్టెల చాటున ఉన్న తనను శంకరప్ప ఎట్లా కనిపెట్టాడో ఇప్పుడు తెలిసింది. చాడీ చెప్పింది తన ముక్కే. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు మూడు ఊళ్లు తిరిగాడు. సిగ్గుతో చెవులు కాలిపోయాయి.

"నెలనాళ్లుగా వింటాండారు కదన్నా. ఒక మాట చెప్పకూడదా?"

"చెప్పేకేముండాదప్పా? ఎదురింటోళ్లు అడిగిరి, కొత్త మగ్గం పెట్టినావా అని. లేదు, పిల్లోడు నిద్రపోతాండాడు అంటిమి." నరసప్ప ఇంకో కాయ వలిచాడు. "అదేమన్నా శబ్దమా?"

తిట్టినా అంత సిగ్గు వేసేది కాదు.

సుబ్బమ్మ లోపలికి వెళ్లి ఒక ఖాళీ కండె, సూదిదారం తెచ్చింది. అతని బనీను విప్పించి, వీపు నడిమధ్య కండె పెట్టి కుట్టింది. "మా ఆయనకూ ఇదే మందు. వెల్లకిలా తిరిగితే పొడుస్తాది. పక్కకు తిరిగి పండుకో, పో."

సాయంత్రం కంపెనీ బస్సు హారను కొట్టేదాకా వేణుమాధవ్‌కు మెలకువ రాలేదు.

ఆ రాత్రి శంకరప్ప మూడుసార్లు వచ్చి చూశాడు. మూడుసార్లూ వేణుమాధవ్ నిలబడే ఉన్నాడు. మర్నాడు పొడిగింపు జాబితాలో అతని పేరు వెళ్లింది. అదే రోజు నుంచి మగ్గాలూ మొదలయ్యాయి. అతను పక్కకు తిరిగి పడుకుని పది నిమిషాలు పళ్లు నూరుదామనుకున్నాడు గానీ, అంతలోపలే నిద్ర పట్టేసింది.

కొన్నాళ్లకు జయరామ్ మొహమాటపడుతూ వచ్చాడు. చిన్నాయన ఇంట్లో పెళ్లి, ఉండటానికి చోటు లేదట. వేణుమాధవ్ ముందుగా క్షమించమన్నాడు, తరువాత వీపు తిప్పి కండె చూపించాడు.

"మీ వీధిలో ఇంకో గది ఉండాదంట కదా. శబ్దం ఏమన్నా ఉంటాదా ఆడ?" అని అడిగాడు జయరామ్.

వేణుమాధవ్ నిజాయితీగానే ఆలోచించాడు. ఎంత ఆలోచించినా ఏమీ గుర్తు రాలేదు.

"శబ్దమా? ఏం శబ్దమప్పా ఆడ?" అన్నాడు. ఆ మాట తన చెవికే తగిలి గబుక్కున సర్దుకున్నాడు. "అయినా నువ్వు గది చూసేకి అమావాస్య నాడు మాత్రం రావద్దు."