తేట నీళ్లు

పసుపు గుడ్డలు జాడించిన నీళ్లలోనే నారింజవీ ముంచింది రంగులత్త. తర్వాత ఎరుపువి, ఆఖరున నీలం, నలుపు. వెలిసిన బట్టలకు కొత్త రంగు వేసే ఆ చిన్న కొట్టులో, నీళ్లకు మీటరు పెట్టినప్పటి నుంచీ ఇదే వరుస. అంతకుముందు ఏ గుడ్డకా గుడ్డ కుళాయి కింద జాడించేది. ఆ నీళ్లు తెల్ల పింగాణీ గిన్నెలో పట్టి చూసి, తేటగా ఉంటేనే గుడ్డను తాడు మీద వేసేది.

ఆమె చేతులు మోచేతుల దాకా నీలమే. కొత్తకోడలిగా వచ్చినప్పుడు ఆ చేతులతో వడ్డించవద్దంది అత్తగారు. మంచాన పడ్డాక మాత్రం ఆ చేత్తో కలిపిన ముద్దే కావాలంది. ఏం చెప్పను, మనుషులంతే.

మీటరు పక్కన పీట మీద తమ్ముడు. భార్య పోయినప్పటి నుంచీ ఇక్కడే ఉంటున్నాడు.

"అక్కా, ముల్లు తిరుగుతోంది. కట్టెయ్యి."

"నీ బదులు కుక్కను పెట్టుకున్నా బాగుండేదిరా. తిండైనా కలిసొచ్చేది."

తమ్ముడు నవ్వలేదు. ఎదురుగా టీ కొట్టాయన గ్లాసులన్నీ ఒకే బకెట్టులో ముంచి తీస్తున్నాడు. పక్కన బట్టలుతికే కొట్టుకైతే తాళమే. వాళ్ల నీళ్ల బిల్లు అద్దెను మించిపోయింది.

మధ్యాహ్నం దర్జీ భార్య వచ్చి, కూతురి నీలం గౌను బల్ల మీద పెట్టి నిలబడింది.

"చెప్పమ్మా."

"ఏం లేదత్తా. చెమటకి పిల్ల మెడంతా నీలమైంది. బళ్లో నవ్వారంట. ఇక వేసుకోనంటోంది."

ఇన్నేళ్లలో రంగు దిగిందని ఒక్క గుడ్డా వెనక్కి రాలేదు. రంగులత్త గౌను మెడపట్టీ తడిపి వేలితో నలిపింది. వేలికి నీలం అంటింది. అసలే నీలంగా ఉన్న వేలు, ఇంకొకరైతే పోల్చుకోలేరు. ఆమె పోల్చుకుంది.

"సాయంత్రం రామ్మా," అంది.

దర్జీ భార్య వెళ్లాక తమ్ముడి వైపు తిరిగింది.

"కుళాయి పూర్తిగా తిప్పరా."

"పోయిన నెల బిల్లే కట్టలేదక్కా."

"తెలుసు. నీళ్లు పోస్తే బిల్లు కట్టలేం, పొయ్యకపోతే రంగు నిలవదు. రంగు దిగే గుడ్డ ఇవ్వడం నా వల్ల కాదు. దీంతో ఆపేద్దాం."

"ఆపేసి?"

"నేనూ ఓ పీట వేసుకుంటా. ఇద్దరం కలిసి ఇంకేదైనా కాపలా కాద్దాం."

తమ్ముడు లేచి, తనే కుళాయి బార్లా తిప్పి, మీటరుకు వీపు పెట్టి నిలబడ్డాడు. గౌను లోంచి నీళ్లు మొదట సిరాలా దిగాయి. రంగులత్త గిన్నె పట్టింది, పారబోసింది. మళ్లీ పట్టింది, మళ్లీ పారబోసింది. నీలం పలచబడింది. ఆమె నడుం పట్టేసినా గౌను వదల్లేదు. చివరి గిన్నె తమ్ముడి ముందు పెట్టింది.

"చూడు."

"బాగుందక్కా," అన్నాడు.

సాయంత్రం దర్జీ భార్య చెమ్మ ఆరని గౌనును తెల్ల తువ్వాలులో చుట్టుకుని వెళ్లింది. తువ్వాలుకు మరకంటలేదు. అక్కాతమ్ముళ్లు రంగు తొట్టి బోర్లించి, పీట పట్టుకుని, తలుపు దగ్గరగా వేసి వెళ్లిపోయారు.

మీటరు పెట్టె మీద తెల్ల గిన్నె ఉండిపోయింది. అందులో సగానికి నీళ్లు, అడుగున వెంట్రుకంత పగులు కూడా కనబడేంత తేటగా.