నీళ్ళను తిట్టని ఇంగ్లీషు

మా నాయన రంగప్పకు ధర్మవరంలో టైపు ఇన్‌స్టిట్యూట్ ఉండేది. ఇంగ్లీషు అర్జీ ఏదైనా ఆయన చెప్పాలి, నేను కొట్టాలి. పెనుకొండ, రొద్దం నుంచి కూడా వచ్చేవాళ్ళు. ఏటా కరువు అర్జీలే. కరువును తిట్టడానికి ఆయన దగ్గర ఇంగ్లీషు మూటలకొద్దీ ఉండేది.

తొంభైల్లో ఒక ఏడు వంక పొంగి నేతగాళ్ళ వీధి మునిగింది. పట్టుచీరలు నేసే ఓబులమ్మ ఇంట్లో, కాళ్ళు పెట్టుకునే మగ్గం గుంత నిండిపోయి మగ్గమే పాడైపోయింది. జరిగింది ఇంగ్లీషులో రాసిస్తే కొత్త మగ్గం ఇప్పిస్తానన్నాడు బెంగుళూరు ట్రస్టాయన. ఆయన సాయంత్రం బస్సుకు వెళ్ళిపోతాడని ఓబులమ్మ మా ఇన్‌స్టిట్యూట్‌కు పరుగెత్తుకొచ్చింది.

"ఫ్లడ్ ఫ్యూరీ అని కొట్టేదా నాయనా?" అన్నాను. పేపర్లో అదే పడింది.

"ఫ్యూరీ అంటే కోపం. గంగమ్మకు మనమీద కోపమేంటికి? తీసెయ్."

"పోనీ, డిజాస్టర్?"

"అది కరువుకు రాసే మాట పాపా. ఇన్నేండ్లు రా తల్లీ అని మొక్కి, వచ్చినాక పీడ అని రాస్తే మళ్లా వస్తాదా?"

నాకు ఒళ్ళు మండింది. "నీ గంగమ్మ ఈమె కూడు తీసింది. బస్సు టైమవుతాంది."

"నేనూ తిట్టలేదు సార్," అంది ఓబులమ్మ. "పసుపు కుంకుమ ఏసినాకే గుంతలో నీళ్ళు తోడినా. అయితే మగ్గం లేకుంటే బతికేదెట్ల?"

నాయన కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. "కొట్టు పాపా. ద వాటర్ కేమ్. వుయ్ హ్యాడ్ నో ప్లేస్ టు కీప్ ఇట్. మై లూమ్ ఈజ్ గాన్."

నీళ్ళొచ్చాయి, పెట్టుకోవడానికి మాకు చోటు లేకపోయింది, నా మగ్గం పోయింది. అంతే. ఇంత చప్పటి ఇంగ్లీషుకు మగ్గం ఎవరిస్తారని సణుక్కుంటూనే కొట్టాను.

ట్రస్టాయన చదివి, భుజాన వేసుకున్న సంచి దించాడు. "ఆ గుంత చూపించండి," అన్నాడు. నెల తిరక్కుండా ఓబులమ్మ ఇంట్లో కొత్త మగ్గం ఆడింది. ఆ చప్పుడు వినడానికి నాయన పనిగట్టుకుని ఆ వీధిలో నడిచేవాడు. తలుచుకుంటే ఇప్పటికీ ఆయన మీద బెంగ పుడుతుంది.

పెళ్ళయి నేను హిందూపురం వచ్చాను. ఆ తర్వాత నాయన పోయాడు. రెండువేల మూడు ఎండాకాలంలో ఒకరోజు, ట్యాంకరు కోసం వీధి పొడుగునా బిందెలు, డ్రమ్ములు పెట్టుకుని పొద్దున్నుంచి నిలబడ్డాం. మధ్యాహ్నం దాటింది. మా నాయన ఇంగ్లీషు గుర్తొచ్చింది.

పెట్టుకోవడానికి ఇప్పుడు చోటుంది నాయనా. ఆ తల్లే రాలేదు.